చక్రాల కోత మిషన్‌కు షెడ్డు: బోరబండ గల్లీలో ఎందుకు కుదరదు, కుదిరే చోట ఎలా కట్టాలి?

పోర్టబుల్ సామిల్ అంటే చక్రాల మీద లాక్కుపోయే కట్టె కోత మిషన్. పొడవాటి ఇనుప పట్టాల మీద దుంగను పడుకోబెట్టి బిగిస్తారు. సన్నని బ్యాండ్ రంపం ఉన్న తల ఆ పట్టాల మీద ముందుకు నడుస్తూ దుంగను పలకలుగా చీరుతుంది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 1982లో మొదలైన వుడ్‌మైజర్ కంపెనీ ఈ రకం మిషన్లకు పేరు తెచ్చింది. ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతున్నాయి. పెద్ద సామిల్‌తో పోలిస్తే ధర తక్కువ, ఇద్దరు ముగ్గురు మనుషులతో నడుస్తుంది. అందుకే సౌదీ, దుబాయ్ నుంచి నాలుగు రాళ్లు కూడబెట్టుకుని వచ్చిన వాళ్లకు, ఏళ్ల తరబడి టింబర్ డిపోల చుట్టూ తిరిగి విసిగిపోయిన ఫర్నిచర్ మిస్త్రీలకు దీని మీద కన్ను పడుతోంది.

బోరబండ, అల్లాపూర్, రహమత్‌నగర్, ఎర్రగడ్డ వైపు చిన్న చిన్న చెక్క కార్ఖానాలు కనిపిస్తుంటాయి. దర్వాజాలు, కిటికీ చౌకట్లు, మంచాలు, అల్మారీలు చేసే పనివాళ్లకు కట్టె కొనుగోలే పెద్ద ఖర్చు. "దుంగ మనమే కొని మనమే కోసుకుంటే?" అన్న ఆలోచన రావడం సహజం. ఆ తర్వాత వచ్చే మాట కూడా ఒకటే ఉంటుంది: "మిషన్‌కు చక్రాలున్నాయి కదా, ఖాళీ ప్లాట్‌లో నాలుగు రేకులేసి మొదలుపెడదాం."

ఇక్కడే ఆగి ఆలోచించాలి. మిషన్ కొనడం తేలిక. షెడ్డు వేయడమంటే దానికి ఒక అడ్రస్ ఇవ్వడం. అడ్రస్ వచ్చిన రోజు నుంచి అటవీ శాఖ, మున్సిపాలిటీ, కరెంటు ఆఫీసు, పక్కింటివాళ్లు, ఫైర్ సర్వీసు అందరికీ ఆ షెడ్డుతో పని పడుతుంది.

చక్రాలుంటే లైసెన్స్ అక్కర్లేదా?

అక్కర్లేదన్న ప్రచారం బాగానే ఉంది. అది తప్పు. కరెంటుతో గానీ ఇంజిన్‌తో గానీ కట్టె కోసే యంత్రాన్ని, అది నడిచే ఆవరణను కలిపి చట్టం సామిల్‌గా చూస్తుంది. కింద చక్రాలున్నాయా, సిమెంటు దిమ్మె ఉందా అన్నది లెక్కలోకి రాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1967 అటవీ చట్టం, 1969 సామిల్లుల నియంత్రణ నిబంధనలు వచ్చినప్పటి నుంచి లైసెన్స్ అన్నది ఉంది.

దీని మీద సుప్రీంకోర్టు పట్టు ఇంకా గట్టిది. తమిళనాడు గూడలూరు ప్రాంతపు అడవుల గురించి టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ వేసిన కేసులో 1996 డిసెంబర్ 12న వచ్చిన ఉత్తర్వు దేశమంతటా కట్టె వ్యాపారాన్ని కుదిపేసింది. లైసెన్స్ లేని సామిల్లులు మూసేయాలని, కేంద్ర సాధికార కమిటీ ముందస్తు అనుమతి లేకుండా కొత్తవి తెరవొద్దని అదే కేసులో 2002 అక్టోబర్‌లో చెప్పింది. 2015 అక్టోబర్‌లో ఆ అధికారం రాష్ట్ర స్థాయి కమిటీలకు మారింది. 2016లో కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ కలప ఆధారిత పరిశ్రమల మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ చుట్టుపక్కల ఎంత కట్టె దొరుకుతుంది, ఉన్న మిల్లులకే అది సరిపోతుందా అన్నది చూసి కొత్త లైసెన్స్ సంగతి తేలుస్తారు. అడవి హద్దుకు ఎంత దూరం అన్నదీ చూస్తారు. కాబట్టి స్థలానికి అడ్వాన్స్ ఇవ్వకముందే సర్వే నంబర్ పట్టుకుని జిల్లా అటవీ అధికారి ఆఫీసుకు వెళ్లాలి. ఇంట్లో ఆడవాళ్ల నగలు కుదువ పెట్టి మిషన్ తెచ్చాక ఈ సంగతి తెలిస్తే ఆ డబ్బుకు దిక్కు లేదు. లైసెన్స్ లేకుండా నడిపితే మిషన్‌ను, కట్టెను జప్తు చేసే అధికారం అటవీ శాఖకు ఉంది.

కట్టెకు కూడా కాగితం కావాలి. టేకు లాంటి కట్టెను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తేవాలంటే రవాణా పర్మిట్ ఉండాలి. సొంత ఇంటి ముందున్న చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి అడగాల్సిందే. మిల్లులోకి ఏ దుంగ వచ్చింది, ఏ సైజు పలకలుగా బయటికి పోయింది అన్నది రిజిస్టర్‌లో రాయాలి. అంటే షెడ్డు ప్లాన్‌లో ఒక మూల చిన్న టేబుల్, తాళం ఉన్న అల్మారీ, కాగితాలు తడవని చోటు ఉండాలన్నమాట. చాలామంది మరిచిపోయేది ఈ మూలనే.

ఇదంతా పెట్టుకోలేని వాళ్లకు ఒక మధ్యదారి ఉంది. లైసెన్స్ ఉన్న పాత సామిల్ యజమానితో మాట్లాడుకుని, దుంగలు అక్కడికే తోలి, ఘనపుటడుగుకు ఇంత అని కోత కూలి ఇవ్వడం. నెలకు పది పన్నెండు దుంగలు మించని కార్ఖానాకు నిజానికి ఇదే లాభం. సొంత మిషన్ రోజూ తిరిగితేనే పెట్టుబడి తిరిగొస్తుంది.

బోరబండలో అడ్డం వచ్చేవి

బోరబండ ఇళ్లు ఎలా ఉంటాయో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అరవై గజాలు, ఎనభై గజాలు, గోడకు గోడ, ఎదురెదురు గుమ్మాలు. సైట్-1, సైట్-2, సైట్-3 అని పిలుచుకునే బస్తీల్లో చాలా గల్లీల్లోకి డీసీఎం తిరగడమే కష్టం. పది అడుగుల దుంగ దింపాలంటే గల్లీ మొత్తం ఆపాలి.

ఇంకా పెద్ద ఇబ్బంది మోత. శబ్ద కాలుష్య నిబంధనలు 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 మించకూడదు. పరిశ్రమల ప్రాంతంలో పగలు 75, రాత్రి 70. కోత మిషన్ దగ్గర మీటరు దూరంలో 95 డెసిబెల్స్ ఉందనుకుందాం. అడ్డం ఏమీ లేని మైదానంలో దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ 6 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. ఆ లెక్కన 55కు దిగాలంటే వంద మీటర్లు పోవాలి. బోరబండలో వంద మీటర్లంటే ఎన్ని ఇళ్లు, ఎన్ని గల్లీలు! పైన రేకుల కప్పు ఉంటే మోత ఇంకా గింగురుమంటుంది. పసిపిల్లలు, పరీక్షలకు చదివేవాళ్లు, నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేవాళ్లు ఉన్న బస్తీలో ఇది పక్కింటివాళ్లతో తగాదాకే దారి తీస్తుంది. ఫిర్యాదు చేసినవాళ్లను తప్పు పట్టడానికీ ఉండదు.

మూడోది కరెంటు. పది హార్స్‌పవర్ మోటార్ అంటే దాదాపు ఏడున్నర కిలోవాట్లు. దానికి త్రీఫేజ్ లైను, పరిశ్రమల కేటగిరీ అయిన ఎల్‌టీ-3 కనెక్షన్ కావాలి. ఇంటి మీటర్ నుంచి తీగ లాగి నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకంగా లెక్కగట్టి బిల్లు వేస్తారు. అంతకంటే ముందు ఆ తీగ వేడెక్కుతుంది. కింద పొట్టు, పైన వేడెక్కిన తీగ ఉంటే ఏం జరుగుతుందో విడిగా చెప్పక్కర్లేదు.

కట్టె, నిప్పు, మధ్యలో నిద్రపోతున్న మనుషులు ఉన్నప్పుడు ఏమవుతుందో సికింద్రాబాద్ బోయిగూడ చూపించింది. 2022 మార్చి 23 తెల్లవారుజామున అక్కడి తుక్కు గోదాములో మంటలు లేచాయి. పై అంతస్తులో పడుకున్న బీహార్ కూలీల్లో 11 మంది చనిపోయారు. దిగడానికి ఉన్నది ఒకే ఒక్క ఇనుప చుట్టు మెట్ల దారి, అది కింది గోదాములోకే దిగుతుంది. ఒక్కడు మాత్రం కిటికీలోంచి దూకి బతికాడు. షెడ్డు పైన ఒక గది వేస్తే పనివాళ్లు పడుకుంటారు, కాపలా కూడా అవుతుంది అనే లెక్క నగరంలో చాలాచోట్ల నడుస్తోంది. కోత షెడ్డులో ఆ గది అసలు ఉండకూడదు. కాపలా మనిషి ఉండాలంటే షెడ్డుకు దూరంగా, వేరే తలుపుతో, గేటు పక్కన గది కట్టాలి.

కాబట్టి బోరబండలో ఉండి చేయదగ్గది చెక్క పని. కోత పని బయట పెట్టుకోవాలి. సనత్‌నగర్, బాలానగర్ పారిశ్రామిక ప్రాంతాలు దగ్గరే కానీ అక్కడ కిరాయిలు చిన్నవాళ్లకు అందవు. ఔటర్ రింగ్ రోడ్డు దాటాక దుంగలు దిగడానికి వీలున్న చోటు, సొంత ఊరిలో కాగితాలు సరిగా ఉన్న జాగా ఉంటే మేలు. పలకలు బోరబండ కార్ఖానాకు టాటా ఏస్‌లో వస్తాయి. దుంగ కన్నా పలక రవాణా చౌక, ఎందుకంటే బెరడు, అంచు ముక్కలు, పొట్టు బరువు అక్కడే ఉండిపోతాయి.

కొలతలు దుంగతో మొదలవుతాయి

షెడ్డు కట్టేవాళ్లు సాధారణంగా మిషన్ కొలతలు తీసుకుని, అటో అడుగు ఇటో అడుగు కలిపి స్తంభాలు పాతేస్తారు. మొదటి దుంగ వచ్చిన రోజే తెలుస్తుంది, అది లోపలికి ఎటు నుంచి రావాలో ఎవరూ ఆలోచించలేదని.

ముందు దుంగ బరువు చూద్దాం. డిపోలో దుంగను కొలిచే పాత పద్ధతి అందరికీ తెలిసిందే: మధ్యలో చుట్టుకొలత తీసి, దాన్ని నాలుగుతో భాగించి, వచ్చిందాన్ని అదే అంకెతో గుణించి, పొడవుతో గుణించడం. చుట్టుకొలత 48 అంగుళాలు, పొడవు 10 అడుగులైతే డిపో లెక్కలో 10 ఘనపుటడుగులు. కానీ ఆ దుంగలో అసలున్న కట్టె దాదాపు 12.7 ఘనపుటడుగులు. బెరడు, గుండ్రటి అంచులు, పొట్టు కింద పోయే భాగాన్ని ఆ పాత లెక్క ముందే తీసేస్తుంది. పచ్చి దుంగ ఘనపు మీటరుకు టన్నుకు దగ్గరగా తూగుతుంది కాబట్టి ఈ ఒక్క దుంగ 350 కిలోల దాకా ఉంటుంది. నలుగురు మనుషులు ఎత్తేది కాదు. దొర్లించాల్సిందే.

దొర్లించాలంటే షెడ్డు ఒక పొడవు వైపు పూర్తిగా తెరిచి ఉండాలి, మధ్యలో స్తంభం అడ్డం రాకూడదు. పది అడుగుల దుంగకు ఇరవై అడుగుల ఖాళీ నోరు కావాలి. ఉదాహరణకు ముప్పై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు షెడ్డు అనుకుంటే, వెనక వైపు పది అడుగులకొకటి చొప్పున నాలుగు స్తంభాలు. దుంగలు వచ్చే వైపు మూడే: మొదట ఒకటి, ఇరవై అడుగుల దగ్గర ఒకటి, చివర ఒకటి. ఆ ఇరవై అడుగుల నోటి మీద బరువు మోసేది బలమైన గిర్డర్ గానీ వెల్డింగ్ చేసిన ట్రస్ గానీ కావాలి. ఇది వెల్డర్ అంచనా మీద వదిలేసే పని కాదు. ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు ఫీజు ఇచ్చి కొలతలు వేయించుకోవాలి. ఆ ఫీజు ఒక్క మంచి టేకు దుంగ ఖరీదు కూడా ఉండదు.

మిషన్ పట్టాల ఎత్తుకు సమానంగా, షెడ్డు బయట, రెండు పాత ఇనుప గిర్డర్లను దిమ్మెల మీద పెట్టి దుంగల వరుస కట్టుకుంటే పని సగం తగ్గుతుంది. లారీ నుంచి ఆ వరుస మీదికి, అక్కడి నుంచి మిషన్ మీదికి దొర్లుతుంది. ఎత్తుపల్లాలున్న జాగా అయితే ఇంకా మంచిది, పై గట్టు వైపు దుంగలు, కింది వైపు మిషన్. కానీ ప్రతి దుంగ కింద ఆపు ముక్క ఉండి తీరాలి. 350 కిలోలు దొర్లడం మొదలైతే కాలు అడ్డం పెట్టి ఆపలేం.

మిషన్ నడిపే మనిషి నిలబడే వైపు ఐదు అడుగులు, పట్టాల రెండు చివర్లా మనిషి నడిచేంత ఖాళీ వదలాలి. బ్యాండ్ రంపం తెగినప్పుడు ఒక్కోసారి విసురుగా బయటికొస్తుంది. ఆ వరుసలో ఎవరూ నిలబడే అవసరం రాకుండా పలకలు తీసే చోటు పక్కకు పెట్టుకోవాలి.

నగరం చెట్ల దుంగలకు ఇంకో గొడవ. గాలివానకు పడిపోయిన వేప, చింత, రెయిన్ ట్రీ చూడ్డానికి బంగారంలా ఉంటాయి. లోపల మాత్రం ఏళ్ల కింద ఫ్లెక్సీలు కట్టిన మేకులు, కేబుల్ తీగలు, ట్రీగార్డ్ ఇనుప ముక్కలు కట్టెలో కలిసిపోయి ఉంటాయి. ఒక్క మేకు చాలు రంపం పళ్లు పోవడానికి. చేతి మెటల్ డిటెక్టర్‌తో వెతికి, దొరికినవి పీకాకే దుంగ షెడ్డులోకి రావాలి. ఆ పరీక్ష చేసే చోటు కూడా బయటి వరుస మీదే.

గాలి కప్పును కింది నుంచి ఎత్తుతుంది

హైదరాబాద్‌లో రేకుల షెడ్డుకు అసలు శత్రువు గాలి. 2020 అక్టోబర్‌లో బోరబండలో భూమిలోంచి శబ్దాలొచ్చి జనం రాత్రిపూట రోడ్ల మీదికి పరుగెత్తారు. ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు అవి చాలా చిన్న ప్రకంపనలని తేల్చారు. తేలికపాటి ఇనుప షెడ్డుకు అంతటి ప్రకంపనలతో ప్రమాదం లేదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట లేచే గాలిదుమారం మాత్రం కప్పు లేపుకుపోతుంది.

ఎందుకంటే తెరిచి ఉన్న షెడ్డులోకి దూరిన గాలి రేకులను కింది నుంచి పైకి తోస్తుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో హైదరాబాద్‌కు ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు దాదాపు 158 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద పడే ఒత్తిడి సుమారు 118 కిలోల బరువుతో సమానం. మన ఇరవై, ముప్పై అడుగుల కప్పు దాదాపు 56 చదరపు మీటర్లు. మొత్తం మీద ఆరున్నర టన్నుల తోపు! అర మిల్లీమీటర్ రేకులన్నీ కలిపి తూగేది మూడు వందల కిలోల లోపే. అసలు డిజైన్‌లో షెడ్డు ఎత్తు, వాలు, చుట్టుపక్కల అడ్డాలను బట్టి ఈ అంకె మారుతుంది, కానీ ఎంతటి తేడా ఉందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

అందుకని స్తంభం కింద కాంక్రీట్ బరువే కప్పును పట్టి ఉంచాలి. ఆరున్నర టన్నులను ఏడు స్తంభాలకు పంచితే ఒక్కోదానికి టన్నుకు కాస్త తక్కువ. రెండున్నర అడుగుల చదరం, మూడు అడుగుల లోతు గుంత నిండా కాంక్రీట్ పోస్తే పన్నెండు వందల కిలోల పైచిలుకు వస్తుంది. నడుమ స్తంభాల మీద ఎక్కువ, మూల స్తంభాల మీద తక్కువ పడుతుంది కాబట్టి ఇంజినీర్ గుంత గుంతకూ కొలత మార్చవచ్చు. బోరబండ లాంటి రాతి నేలలో రెండడుగులకే బండ తగిలితే పైపైన సిమెంటు పూసి వదిలేయడం మామూలుగా జరిగేదే. బండను డ్రిల్ చేసి, ఇనుప కడ్డీలు దించి, గ్రౌట్ పోసి, వాటికి స్తంభాన్ని కట్టాలి. సరిగ్గా చేస్తే బండే మంచి పునాది.

రేకులకు పాత జె-హుక్కుల కన్నా రబ్బరు వాషర్ ఉన్న స్క్రూలు మేలు. అంచుల దగ్గర, మూలల దగ్గర స్క్రూలు దగ్గర దగ్గరగా వేయాలి, రేకు లేచేది ముందు అక్కడే. వాలు పది డిగ్రీలు ఉంచితే ఇరవై అడుగుల వెడల్పుకు ఒక వైపు మూడున్నర అడుగులు ఎత్తు వస్తుంది. పాత ఇళ్ల దగ్గర తీసిన సిమెంటు రేకులు చౌకగా వస్తాయని తేవొద్దు, వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, కోసినా విరిచినా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

ఏ దిక్కుకు తెరవాలి? జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలి, వాన ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నం ఎండ కూడా అటే. కాబట్టి పడమర వైపు మూసి, ఉత్తరం గానీ తూర్పు గానీ దుంగల నోరుగా ఉంచితే సరిపోతుంది. ఆ గాలికి పొట్టు ఎగిరేది తూర్పు వైపుకు. అటు పక్కన ఎవరి ఇల్లుందో, ఎవరి చేనుందో ముందే చూసుకోవాలి. నగరంలో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఈ కప్పు మీద పడేది 44 వేల లీటర్ల పైనే. ఆ నీళ్లను గట్టర్ పెట్టి డ్రమ్ముల్లోకి, ఇంకుడు గుంతలోకి మళ్లిస్తే పునాది దగ్గర బురద కాదు, నిప్పు మీద చల్లడానికి నీళ్లూ నిలవుంటాయి.

నేల మొత్తం కాంక్రీట్ చేయనక్కర్లేదు. పట్టాల కింద రెండు వరుసల కాంక్రీట్ దిమ్మెలు, మిగతాది గట్టిగా తొక్కించిన మొరం చాలు. కానీ ఆ రెండు వరుసలు లెవల్‌లో ఉండాలి. నీళ్ల ట్యూబ్‌తో చూసుకోవచ్చు. ఒక మూల పావు అంగుళం దిగినా పట్టా మెలితిరిగి, పలక ఒక చివర మందంగా, ఇంకో చివర పలచగా వస్తుంది. మిషన్‌ను దిమ్మెకు బోల్టులతోనే బిగించాలి.

పొట్టు ఎటు పోవాలి?

పాత గుండ్రటి రంపం ఒక్కో కోతకు ఆరు మిల్లీమీటర్ల కట్టెను పొట్టు చేస్తుంది. పోర్టబుల్ మిషన్‌లోని సన్నని బ్యాండ్ రంపం తినేది రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర. అంగుళం పలకలు కోసేటప్పుడు మొదటి దాంట్లో నూటికి 19 వంతులు, రెండో దాంట్లో 9 వంతులు పొట్టు. ఈ మిషన్ మీద జనానికి ఆశ పుట్టించే అసలు లెక్క ఇదే. అయినా రోజుకు పది దుంగలు కోస్తే బస్తాల కొద్దీ పొట్టు పోగవుతుంది.

రంపపు పొట్టును చాలామంది చెత్తగా చూస్తారు, హాని చేసేదిగా చూడరు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే కట్టె దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది, ముఖ్యంగా ముక్కులోపలి క్యాన్సర్. పచ్చి దుంగ కోసేటప్పుడు తడి వల్ల దుమ్ము తక్కువ లేస్తుంది. ఎండిన కట్టె కోసేటప్పుడు, ఊడ్చేటప్పుడు సన్న దుమ్ము గాలిలో తేలుతుంది. మెడలో రుమాలు ముక్కుకు చుట్టుకుంటే అది ఆగదు. ఎన్95 రకం మాస్కు, మిషన్ పొట్టు గొట్టానికి బిగించిన బస్తా లేదా పీల్చే ఫ్యాన్, గాలి ఆడే షెడ్డు కావాలి. చెవులకు ప్లగ్గులు కూడా. పెట్రోలు ఇంజిన్ మిషన్ అయితే మూడు వైపులా గోడ కట్టి మూసేయకూడదు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే మనిషిని పడేస్తుంది.

పొట్టు గొట్టం ఏ వైపు వదులుతుందో ఆ వైపు షెడ్డులో దారి ఖాళీగా వదలాలి. తోపుడు బండి రోజుకు రెండుసార్లు నేరుగా వెళ్లేలా ఉంటేనే పనివాళ్లు తీస్తారు, లేకపోతే మూలకు నెడతారు. ఆ మూలలోనే మోటార్, స్విచ్ బోర్డు ఉంటాయి. కోళ్లఫారాలవాళ్లు, ఇటుక బట్టీలవాళ్లు పొట్టు కొంటారు కాబట్టి కుప్పను షెడ్డుకు దూరంగా, లారీ వచ్చే వైపు పెట్టుకుంటే పైసలు కూడా వస్తాయి.

స్విచ్ బోర్డు ఇనుప పెట్టెలో, తీగలన్నీ పైపుల్లో, మంచి ఎర్తింగ్, 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. మిషన్ దగ్గర చెయ్యి అందే ఎత్తులో ఎర్ర ఆపు బటన్, దాన్ని నొక్కడానికి రంపం మీదుగా చెయ్యి చాచే పని లేకుండా. ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్ మోటార్లు దొరుకుతాయి, బేరం కూడా బాగుంటుంది. కానీ వైండింగ్ పరీక్షించకుండా బిగించొద్దు. పెట్రోలు డబ్బా షెడ్డులో ఉండకూడదు. సిగరెట్, బీడీ తాగే చోటు గేటు బయట.

షెడ్డులో సగం ఎండబెట్టడానికే

కొత్తగా దిగినవాళ్లు ఎక్కువగా నష్టపోయేది మిషన్ దగ్గర కాదు, పలకలు పేర్చే దగ్గర. కోసిన పచ్చి పలక జులై వానలో బయట పడి ఉంటే నల్లబడుతుంది, మే ఎండలో ఉంటే చివర్లు పగిలి మెలితిరుగుతుంది. ఆ కట్టెతో చేసిన దర్వాజా ఆర్నెల్లకు బిగుసుకుపోతుంది, గిరాకీ తిరిగొచ్చి గొడవ పడతాడు.

మిషన్ షెడ్డు వెనక గోడకు ఆనించి పది అడుగుల వెడల్పు చావడి దింపుకుంటే చాలు. నేల నుంచి అడుగున్నర ఎత్తులో దిమ్మెలు, వాటి మీద పలకలు. ప్రతి వరుసకు మధ్య అంగుళం మందం పట్టీలు రెండు అడుగులకొకటి, అవి పై నుంచి కిందిదాకా ఒకే గీతలో ఉండాలి. చివర్లకు పెయింట్ గానీ మైనం గానీ పూస్తే పగుళ్లు తగ్గుతాయి. పుచ్చు పట్టే తెల్ల కట్టెను బోరాక్స్, బోరిక్ యాసిడ్ నీళ్లలో ముంచి తీయాలి. ఆరడానికి ఎంత కాలం? కట్టె రకాన్ని, మందాన్ని, కాలాన్ని బట్టి నెలలు పడుతుంది. తేమ కొలిచే చిన్న మీటర్ కొనుక్కుంటే ఊహలతో పని ఉండదు. ఇంటి లోపలి ఫర్నిచర్‌కు నూటికి 8 నుంచి 12 వంతుల తేమ దగ్గర ఆగాలి.

అంటే కోత మొదలైన రోజు నుంచి అమ్మకం మొదలయ్యే దాకా నెలల తరబడి డబ్బు ఆ పలకల వరుసల్లో ఇరుక్కుని ఉంటుంది. కిరాయి, కరెంటు బిల్లు, కూలీలు మాత్రం ఆగవు. బడ్జెట్ వేసేటప్పుడు మిషన్ ధర, షెడ్డు ఖర్చుతో పాటు కనీసం ఆరు నెలల నడిపింపు ఖర్చు పక్కన పెట్టుకోలేనివాళ్లు ఇంకా ఆగడమే మంచిది.

కిరాయి జాగా అయితే ఇంకో సంగతి. షెడ్డును వెల్డింగ్‌తో శాశ్వతంగా కట్టకుండా బోల్టులతో విప్పదీసేలా కట్టించుకోవాలి. షెడ్డు, దిమ్మెల మీది ఇనుము, కరెంటు సామాను కిరాయిదారువే అని, ఖాళీ చేసేటప్పుడు తీసుకుపోవచ్చని అగ్రిమెంట్‌లో రాయించుకోవాలి. పదకొండు నెలల అగ్రిమెంట్ మీద కాంక్రీట్ పోసి, తర్వాత యజమాని ఖాళీ చేయమంటే మిగిలేది గుంతలే. జాగా యజమాని పేరు మీద పన్ను రసీదు, సర్వే నంబర్ కాగితం, మున్సిపల్ లేదా పంచాయతీ ట్రేడ్ లైసెన్స్, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, అటవీ శాఖ లైసెన్స్, ఎల్‌టీ-3 మీటర్ — ఈ కాగితాల్లో అటవీ శాఖది ముందు రావాలి. మిగతావి దాని వెనకే. అది చేతికొచ్చేదాకా మిషన్ డీలర్‌కు బుకింగ్ డబ్బు కూడా కట్టొద్దు.